భ్రమరమ్మగారి చప్పట్లు

పాత శివాలయం మండపంలోంచి ఉత్తరం వాకిలి దాటగానే, గట్టన్నా లేకుండా నోరు తెరుచుకుని ఉంటుందే బావి, ఆ పక్కకి మనూళ్లో గొడ్లు కూడా పోవు. ఎందుకు పోవో తెలుసా? ఏవే, ఆ ఇకిలింపు ఆపు, విన్నాక నవ్వుదువుగాని.

పూజారిగారి భార్య భ్రమరమ్మగారని ఉండేది. అమ్మవారు పోసి రెండు కళ్లూ పోయాయి, పంతం మాత్రం పోలేదు. ఆయన కాలం చేశాక గుళ్లో సందెదీపం ఆరనివ్వనని పట్టుబట్టి, చెయ్యి పట్టుకోబోయినవాళ్లని కసిరి, ఒక్కతే పోయేది. ఎలాగంటారా? చప్పట్లు కొట్టుకుంటూ! ఆ రాతి మండపం అలా పలికేది మరి. స్తంభం దగ్గరైతే చప్పుడు ఎదురొచ్చి మొహాన తగులుతుందనీ, గర్భగుడి వైపైతే గుమ్మంటుందనీ, బావి వైపు పోయిన చప్పుడు మాత్రం తిరిగి రాదనీ, స్వామే తనకి దారి చెప్తున్నాడనీ మా అమ్మతో అనేదట.

ఆ ఏడు ముసురు పట్టింది. మోతుబరి పిచ్చయ్య, గడ్డి తడిసిపోతోందని మండపం నిండా మోపులు కుక్కించాడు. అదేంటయ్యా అంటే, మధ్యలో దారి వదిలాంగా అన్నాడు. కళ్లున్నోడికి అది దారే! సాయంత్రం ఆవిడొచ్చి చప్పట కొడితే గడ్డిలో ఇంకిపోయింది, ఇంకోటి కొడితే అదీ పోయింది, ఆవిడకి అన్ని వైపులా బావే అయిపోయింది. వెనక్కొస్తే బతికేదమ్మా! దీపం పెట్టకుండా వెనక్కొచ్చే మనిషి కాదే. మర్నాడు బావిలో తేలింది.

పిచ్చయ్య గడ్డి తీశాడా? ఆహా, తీస్తాడు! ఆవిడ దినాలయ్యాక ఓ రోజు దీపాలవేళ మోపు కోసం తనే పోతే, లోపల చప్పట్లు. ఎవర్రా అంటే, టప్, టప్, మీదికే వస్తోంది. ఏ వాకిలో కూడా చూడకుండా వాడు పరుగెత్తాడు, అంతలో ఈసారి సరిగ్గా ఎదురుగా, మొహం మీదే, టప్! కొయ్యబారిపోయి కిందికి చూస్తే, కాలి ముందు బావి. చంపాలనుకుంటే ఊరుకుంటే సరిపోదూ ఆవిడ?

అప్పుడు వాడు పాలేర్లని కూడా పిలవకుండా, ఆ వానలోనే ఒక్కో మోపూ తన నెత్తినే మోసి బయట పారేసి, దీపం వెలిగించి, ఒక్క చప్పట కొట్టాడట. మండపమంతా పలికింది. వాడు కొట్టింది ఒకటి, తిరిగొచ్చినవి రెండు.

అందుకే చెప్తున్నా, అటు పోకండి. కాదూ పోతామంటారా, చేతులు ఖాళీగా పెట్టుకుని పొండి, చప్పట్లు కొట్టుకోవాలిగా. తిరిగి చప్పుడు రాలేదా, అక్కడే ఆగండి. ఆవిడ అందరికీ ఎదురొస్తుందని నేను హామీ ఇవ్వను.