ఎడమవైపు కుర్చీ

రోగులకు తమ పనులు తాము చేసుకోవడం మళ్లీ నేర్పే థెరపిస్టు వార్డులోంచి బయటికి రాగానే, ఒక పెద్దాయన ఆమెను వరండాలో ఆపాడు.

"అమ్మా, రేపట్నుంచి నా కుర్చీ కుడివైపు వేసుకుంటాను."

"వద్దు బాబాయ్‌గారూ. పక్షవాతం వచ్చాక పిన్నిగారి మెదడు ఎడమవైపును పట్టించుకోవడం మానేసింది. మీరు అటే కూర్చుంటే, ఎప్పటికైనా అటు తిరగడం అలవాటవుతుంది."

"పళ్లెంలో సగమే తిని, ఇంకా ఆకలేస్తోందంటుంది. మిగతా సగం ఎదురుగానే ఉంటుంది."

"పళ్లెం తిప్పేశారా?"

"మీరొద్దన్నారుగా! గుండె రాయి చేసుకుని చూస్తూ కూర్చున్నాను."

"మంచి పని చేశారు. ఇవాళ తనే తల దువ్వుకున్నారట కదా?"

"దువ్వుకుంది. కుడివైపు నున్నగా ఉంది, ఎడమవైపు చిక్కులు చిక్కులుగానే ఉంది."

"అయినా మెరుగే కదండీ! దువ్వెన ఎవరూ చేతికివ్వకుండా తనే తీసుకున్నారు."

"ఎందుకు తీసుకుందో తెలుసా? 'మా ఆయన వచ్చే వేళయింది, ఇలా చూస్తే బెంగపెట్టుకుంటాడు' అని పక్క మంచం ఆవిడతో అంది."

"మీరు పలకలేదా?"

"ఇక్కడే ఉన్నానే అన్నాను. కుడివైపున్న తలుపుకేసి చూసి, 'గొంతు వినిపించింది, మనిషేడీ?' అంది. వీధి చివర సిగరెట్టు కాల్చినా ఇంట్లోంచే పసిగట్టే మనిషమ్మా!"

"పిలిచేటప్పుడు ఎడంచెయ్యి పట్టుకోమన్నాను కదండీ."

"పొద్దున్నుంచీ అది నా చేతుల్లోనే ఉందమ్మా."