రోముకు వచ్చిన జాబు

1956 అక్టోబరు. హిందూపురంలో హనుమంతరాయుడి మిద్దె. భార్య కమలాక్షితో, ఇద్దరు బిడ్డలతో, వాళ్లను చూసుకునే నరసక్కతో ఆయన నాలుగు నెలలు యూరప్ తిరిగి వచ్చి మూడు రోజులయింది. పెనుకొండ నుంచి వచ్చిన ఆయన అక్క శ్యామలమ్మ, మరదలి పక్కన కూర్చుని ఉంది.

"ఆ చర్చి గోపురం ఎక్కేకి ఒక గంట పట్టె వదినా. పైనుంచి చూస్తే రోము ఊరంతా కాళ్ల కింద పరిచినట్టుండాది."

"బిడ్డల్ని గూడా ఎక్కిస్తిరా?"

"బిడ్డలు యాడ ఎక్కుతారు? నరసక్క కింద పట్టుకోనుండె. ఏ ఊరికి పోయినా అంతే. దాన్నీ బిడ్డల్నీ ఒక నీడలో కూర్చోబెట్టి మేము చూసొస్తాంటిమి."

"అయితే అది ఏమీ చూడలేదా?"

"చూస్తే మాత్రం దానికేం తెలుస్తాది వదినా. వెనిస్సులో పడవ ఎక్కిస్తిమిలే. ఆడ వీధులన్నీ నీళ్లే. చిన్నోడు వాంతి చేసుకుంటే తుడిచేకి మనిషి కావాల్సొచ్చె."

"తిండికేం చేస్తిరి?"

"తిండి మాట అడగొద్దు. రోములో దారాల మాదిరి పొడుగు సేమ్యా, దాని మీద టమాటా గుజ్జు. ముళ్ల చెంచాకు చుట్టుకొని తినాల. మీ తమ్మునికి చుట్టేకి రాక చొక్కా అంతా చేసుకొనె. స్విట్జర్లాండులో జున్ను కరగబెట్టి గిన్నెతోనే తెచ్చి పెడతారు, రొట్టె ముక్కలు ముంచుకొని తినేది. పారిస్‌లో అయితే ఒక పూట భోజనం మూడు గంటలు. ఒక పళ్లెం తీస్తానే ఇంగో తట్ట పెడతారు."

"నరసక్క మీతోనే కూర్చొని తినిందా?"

"పనిమనుషుల్ని మేజా బల్ల దగ్గరికి రానిస్తారా వదినా? దానికి గదిలోకే రొట్టె పంపిస్తాంటిమి."

"రానియ్యొద్దని హోటలోళ్లు చెప్పిరా, మీరే అనుకుంటిరా?"

"అదంతా ఇప్పుడెందుకులే. ఇదో, ఈ ఫోటో చూడు. మంచు కొండ దగ్గర నేను, మీ తమ్ముడు."

"నరసక్క సగమైపోయింది కమలాక్షీ. ఇందాక నీళ్లు తెచ్చిస్తే గుర్తు పట్టలేకపోతి. దాన్ని ఊరికి పంపలేదా ఇంకా?"

"సోమవారం పంపిస్తా. ఆదివారం ప్లీడర్లు, డాక్టర్లు పదిమంది భోజనానికి వస్తాండారు. పారిస్ మాదిరి ఒక్కొక్క తట్టే వడ్డించాలని మీ తమ్ముని ఆశ. ఇది పోతే బిడ్డల్ని ఎవరు పట్టుకుంటారు?"

"మూడేండ్ల కూతుర్ని అవ్వ దగ్గర విడిచిపెట్టి పోయింది కదా. వాళ్ల ఊరు రొళ్ల ఎంత దూరం? ఒక పూట పోయి చూసుకొని వస్తాది."

"ఆ మాట గురించే నిన్ను పిలిపిస్తి వదినా. ఆ తలుపు దగ్గరికెయ్."

"వేస్తి. చెప్పు."

"దాని బిడ్డ లేదు."

"లేదంటే?"

"జ్వరమొచ్చి పోయింది, జూలైలోనే. దాని అన్న పాపన్న బడి అయ్యవారితో జాబు రాయించి పంపె. మేము రోములో దిగిన నాలుగో దినమే వచ్చె."

"ఇది అక్టోబరు కమలాక్షీ."

"తెలుసు."

"దానికి చెప్పలేదా?"

"ఎట్ల చెప్పేది? చెప్తే పోతానని ఏడుస్తాది. దాన్నొక్కదాన్నే స్టీమరెక్కించి పంపేకి అవుతాదా? మేమూ వెనక్కి రావాల. అప్పటికి నేను ఏం చూసింటి? రోములోనే సగం మిగిలుండె. స్విట్జర్లాండు, పారిస్ అన్నీ అట్లే ఉండె. బిడ్డ ఎట్లాగూ పోయింది, మనం పోతే లేచొస్తాదా అనె మీ తమ్ముడు."

"జాబొచ్చిన సంగతి దానికి తెల్దా?"

"హోటలోడు ఇస్తాంటే చూసె. ఊరి జాబేనా, చదవండయ్యా అనె. దానికి చదువు రాదు కదా. బిడ్డ బాగుండాది, అవ్వ దగ్గర ఆడుకుంటాండాది అని ఆయన చదివె."

"నా తమ్ముడు అట్ల చదివెనా?"

"మంచికే చదివె వదినా. అది ఆ జాబు తీసుకొని రవికెలో పెట్టుకొనె. మర్నాడు మళ్లీ తెచ్చె, ఇంగోసారి చదవండయ్యా అని. ఆపొద్దు నుంచి దినమ్మూ అదే. మేము భోంచేసి గదికి వస్తానే జాబు పట్టుకొని నిలబడుతాండె. ఆయన గూడా దినానికొకటి కలిపి చదువుతాండె. ఒకనాడు బిడ్డ గొర్రెపిల్ల వెంట పరిగెత్తిందని, ఒకనాడు గౌను చించుకునిందని. నవ్వు ఆపుకోలేక నేను దుప్పటి కప్పుకుంటాంటి."

"నవ్వితివా?"

"బిడ్డ పోయినందుకు కాదు వదినా. ఆయన చదివే తీరుకు."

శ్యామలమ్మ ఫోటోను బోర్లించి పెట్టి మరదలి వైపు చూసింది.

"అట్ల చూడొద్దు. నువ్వు పెద్దదానివి. నువ్వు చెప్తే తట్టుకుంటాది. మొన్న మేము స్టీమర్లో ఉన్నప్పుడు పోయిందని చెప్పు, చాలు."

"నేను చెప్పను."

"మా నోటితో ఎట్ల చెప్పాల?"

"పారిస్‌లో మూడు గంటలు తినిన నోరే కదా. దాంతోనే చెప్పండి."

తలుపు తెరుచుకుంది. గుడ్డల మూటతో నరసక్క లోపలికి వచ్చింది.

"కాఫీ పెట్టమంటి కదా నరసక్కా."

"పెట్టి వస్తి అమ్మా. పొయ్యి మీద ఉండాది. నేను ఊరికి పోతాండా."

"సోమవారం పోదువని చెప్తి కదా."

"బిడ్డను పూడ్చిన జాగా చూడల్ల. ఈ వానలకు మట్టి కుంగిపోయుంటాది."

"ఎవరు చెప్పిరి నీకు? వదినా, నువ్వేనా?"

"పెద్దమ్మ కాదు. రోములో మన పక్క గదిలో బళ్లారి డాక్టరమ్మ ఉండె. అయ్య చదివిన మర్నాడే, మీరు ఊరు చూసేకి పోయినప్పుడు, ఆయమ్మతో చదివించుకుంటి."

"తెలిసీ మూడు నెలలు మాతో ఒక మాట అనలేదే."

"దారి తెలీని దేశంలో మిమ్మల్ని ఏమని అందునమ్మా? మీరు విడిచిపెట్టి పోతే నేను ఇల్లు చేరేదెట్ల?"

"మరి దినమ్మూ ఆ జాబు ఎందుకు చదివించుకుంటివి నరసక్కా?"

"ఈ పొద్దన్నా ఉన్నది ఉన్నట్టు చదువుతాడేమోనని పెద్దమ్మా."

"నరసక్కా, కూర్చో. ఆయన వచ్చినాక మాట్లాడదాం."

"కూర్చునేకి రాలేదమ్మా. ఇదో జాబు. ఈ పొద్దు నువ్వు చదువు, పెద్దమ్మ వింటాది."