జోగయ్య వద్దన్న సన్మానం

“సన్మానమా? నాకెందుకు? ఆల కాగితం ఆళ్ళనే పటం కట్టించుకోమను!”

చీపురుపల్లి స్టేషన్ బయట, పద్మకుమారి టీ బడ్డీ దగ్గర జోగయ్య అప్పుడే రెండో టీ అందుకున్నాడు. ఆటో తోలతాడు. చుట్టుపక్కల మాజీ సైనికుల్ని ఆస్పత్రికీ, పింఛను ఆఫీసుకీ పదేళ్ళుగా తిప్పుతున్నాడు. అలాంటి సేవ చేసేవాళ్ళకి నిన్న విజయనగరంలో సర్కారువారు ప్రశంసాపత్రాలిచ్చారు. జోగయ్య కూడా ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాడు. వట్టి చేతుల్తో తిరిగొచ్చాడు. “ఏటి బావా, కాగితమేదీ?” అని పక్కనే టీ తాగుతున్న గిరిబాబు అడిగిన పాపానికి మొదలైంది.

“సూడు గిరిబాబూ, నిన్న సంగతి తెలియాలంటే పోయిన నెల సంగతి తెలియాల. మన ఎల్లాజీ మావ లేడూ, మిలట్రీలో నాయక్ సేసినోడు, మోకాళ్ళు రెండూ పోనాయి. ఆయన్ని విశాపట్నం ఆస్పత్రికి తీసికెల్లాల. వొచ్చేతలికి రైలు అటేపు ప్లాట్‌ఫారం మీదున్నాది. మద్దిన వంతెన. మావని వీపు మీదకెత్తుకుని మెట్లెక్కీసేను.”

“అది నిజిమే, నాను సూసేను,” అంది పద్మకుమారి టీ వడబోస్తూ.

“ఇన్నావా, సాక్ష్యం! ఆ తరవాత ఏటయ్యిందో తెలుసా? దిగేతలికి రైలు కదిలిపోనాది. మరొకడైతే నెత్తిన సెయ్యెట్టుకు కూకుండిపోయేవోడు. నానాగుతానేటి? మావ వీపు మీద, మావ కర్ర నా పళ్ళ మద్దిన, పట్టాల పక్కంట లంకించుకున్నాను. గరివిడి కాడ ఇంజినూ నానూ సమానం. గార్డు పచ్చజెండా ఊపేడు. రైలుకి కాదురా, నాకు! నెల్లిమర్ల దాటేతలికి రైలు కనబడ్డం మానీసినాది. ఇజీనగరంలో మావకి రెండిడ్లీలు తినిపించి, మూతి తుడిసి, సెయ్యి కడిగించేను. అప్పుడొచ్చినాది రైలు, రొప్పుకుంటా.”

“మరి అందులో ఎక్కీసేరా?”

“ఎందుకెక్కుతాం? ఓడిపోయిన బండెక్కితే మిలట్రీ పరువేటయిపోవాల? అదే ఊపు మీద విశాపట్నం ఎల్లిపోనాం. ఎంత జోరంటే, బీచీ కాడ ఆగలేక సముద్రంలో అరమైలు ఎల్లిపోనాను. నీళ్ళలోంచి సబ్‌మెరైను పైకి లేసినాది. ఆఫీసరు తల బయటికెట్టి ‘ఎవడ్రా అది?’ అన్నాడు. ‘సీపురుపల్లి జోగయ్యని. వీపు మీద నాయక్ ఎల్లాజీ’ అన్నాను. అంతే, లోపలున్నోళ్ళందరూ బయటికొచ్చి వరసగా సెల్యూట్!”

“నీకా, మావకా?”

“మావకే. మద్దిన నానున్నాను కదా, నాకూ తగిలినాది. అక్కణ్ణుంచి ఢిల్లీకి కబురెల్లిపోనాది. అందుకే నిన్న సభ. ఇరవయ్యొక్క ఫిరంగులు పేల్చేరు, మీకినబడలేదేటి? నా సన్మానపత్రం పొందూరు ఖద్దరు మీద రాయించేరు. ఒక కొస రాజాంలో పట్టుకుంటే రెండో కొస ఇక్కడ పట్టుకోవాల. సదివి సదివి ఇద్దరికి గొంతులు పోనాయి. మూడోవోడు లేసినప్పుడు నాను సెయ్యడ్డెట్టేను. ‘సాల్లెండి బాబూ. పదేళ్ళలో ఒక్కపాలైనా ఈ ముసిలోళ్ళ మోకాళ్ళెలగున్నాయని అడిగేరా? ఇప్పుడు నాకు శాలువా కప్పడానికొచ్చేరా? నాకక్కర్లేదు!’ అన్నీసి, మొకాన కొట్టినట్టు తిరిగొచ్చీసేను!”

జోగయ్య వెనక బల్ల మీద పేపరు నెమ్మదిగా కిందికి దిగింది. దాని వెనక ఉన్నది ఎల్లాజీయే.

“జోగయ్యా, నీ వీపు మీదున్నోణ్ణి నాను. ఆ రైలు మనకందలేదు. పాసింజరొచ్చేదాకా ప్లాట్‌ఫారం మీద మూడు గంటలు కూకున్నాం. ఇంక నిన్న, నీ పేరసలు సదవనే లేదు. ఏదో సంఘంలో సభ్యత్వం ఉండాలట. నీకు లేదట. ‘ఆడి పేరేదీ’ అని నాను లేసి అడిగితే కూకోమన్నారు. నువ్వు మాత్రం ఎనక వరసలో నిలబడి, పిలిసిన పేరుకల్లా సప్పట్లు కొట్టేవు.”

గిరిబాబు నవ్వబోయి మానేశాడు. పద్మకుమారి గరిటె ఆపింది. జోగయ్య గ్లాసు ఠక్కున బల్ల మీద పెట్టాడు. చెవులు కందిపోయాయి.

“లేదు! నా పేరు లేదు. లేకపోతే ఏటి? ఆల కాగితమొచ్చి నిన్ను మెట్లెక్కిస్తాదా మావా? సభ్యత్వం లేకుండానే ఎత్తుకున్నాను, లేకుండానే మళ్ళీ ఎత్తుకుంటాను. ఎవడడ్డొస్తాడో రమ్మను!”

“ఎవుడూ అడ్డురాడు,” అన్నాడు ఎల్లాజీ పేపరు మడత పెడుతూ. “మంగళవారం మళ్ళీ ఆస్పత్రి. ఎనిమిదింటికి బండి. పోయినపాలి అదెందుకు తప్పిపోనాదో ఈళ్ళకి సెప్పలేదేం? ఆ రోజు నాను కర్రట్టుకుని మా గుమ్మంలో నిలబడుంటే, నువ్విక్కడ కూకుని కోతలు కోస్తా ఉండిపోనావు. ఈసారి బేగి రా. ఆ కోతలేవో రైల్లో కొయ్యి. విశాపట్నం దాకా ఇంటాను.”