ఉల్లిపాయల వ్యాను పాట

కొత్తపేటలో ఓ వీధి మలుపులో ఉల్లిపాయల వ్యాను ఆగింది. మైకులో పాట మోగుతూనే ఉంది. సంచీ పట్టుకుని ఒకాయన వ్యాను దగ్గరికి వచ్చాడు.

"ఈ పాట ఎక్కడిదండీ?"

"నెట్‌లో దొరికిందండి. ఎవరైనా ఫ్రీగా వాడుకోవచ్చని కింద రాసేడండి, ఆ పాడినాయన."

"ఆయ్. ఆ పాడింది నేనేనండి."

"మీరాండీ? తీసెయ్యమంటారా?"

"వద్దండి, వద్దు. రెండేళ్ళ నుంచి సొంత పాటలు పెడుతున్నాను. దీన్ని నూట పన్నెండు సార్లు విన్నట్టు చూపిస్తోంది. అందులో వందసార్లు నేనే విన్నానండి."

"మాకు మాత్రం మీ పాటే కలిసొచ్చిందండి."

"అంత బాగుందాండీ?"

"అలాగని కాదండి. సినిమా పాటలేస్తే జనం ఇంట్లోనే కూర్చుని వింటున్నారు. మీ పాటకైతే, ఆపమని చెప్పడానికైనా బయటికొస్తున్నారండి. వచ్చినోళ్ళు ఎలాగూ రెండు కేజీలు పట్టుకెళ్తున్నారు."

"నాకూ రెండు కేజీలు వెయ్యండి."

"ఆయ్."

"కొత్త పాట ఇంకోటి చేసేనండి. అది పెట్టగానే మా ఇంట్లోవాళ్ళందరూ వీధిలోకి వచ్చేస్తున్నారు. పంపించమంటారా?"