గురువారం పదిన్నరకి

పిల్లల మానసిక వైద్య కేంద్రం, మధ్యాహ్నం. కిటికీకి ఇవతల నర్సు, అవతల ఒక దర్జీ. వరండా బెంచీ మీద అతని భార్య, పన్నెండేళ్ళ కూతురు.

"మూసేశారంటే ఏంటమ్మా? మీరున్నారుగా!"

"నేనున్నానన్నా. డాక్టరు లేరు, కౌన్సెలర్లు లేరు. వచ్చినవాళ్ళకి లేదని చెప్పడానికి నన్నుంచారు."

"మంచాలు కనిపిస్తున్నాయిగా, ఆ గదిలో."

"ఉన్నాయి. వాటిమీద ఇప్పుడు ఫైళ్ళు పడుకుంటున్నాయి. మనకొచ్చే గ్రాంటు ఆపేశారు. ఈ చుట్టుపక్కల అవసరం తక్కువని కాగితం మీద రాశారు."

"ఎవరు రాశారు?"

"ఎప్పుడూ ఇటు రానివాళ్ళు. సరే, పాప సంగతి చెప్పండి. ఏమవుతోంది?"

"ఏం లేదమ్మా... తినదు. మాట్లాడదు. బడికెళ్ళనంటుంది. అంతే."

"ఎన్నాళ్ళ నుంచి?"

"నెల. నెల పదిరోజులు."

"అప్పుడేం జరిగింది?"

"ఇంట్లో కొంచెం... ఇబ్బంది. అది సరే, ఈ పిల్ల సంగతి చూడండి."

"అంతేనా, ఇంకేమన్నా ఉందా? నా దగ్గర దాచకండన్నా."

"నిన్న సాయంత్రం మేడమీద పిట్టగోడ దగ్గర నించుంది. ఒక్కత్తే. ఎందుకెళ్ళావే అంటే, చూద్దామని అంది."

"ఏం చూద్దామని?"

"అంతే అంది. చూద్దామని. మళ్ళీ నోరు విప్పలేదు."

"పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారా?"

"పొద్దున్నే వెళ్ళాం. ఒంటిమీద దెబ్బేదీ లేదుగా, ఇక్కడికెందుకు తెచ్చారు అన్నాడు ఆ కుర్ర డాక్టరు. దెబ్బ తగిలాక తీసుకురమ్మంటారా అని అడిగా. నామీద కోప్పడ్డాడు."

"హెల్ప్‌లైన్ నంబరుకి చేసి చూశారా?"

"చేశా. ఒకటి నొక్కమంది, నాలుగు నొక్కమంది. తర్వాత పాట. ఆ పాట వింటూ రెండు జాకెట్లకి కాజాలు కుట్టేశానమ్మా. ఎవరూ ఎత్తలేదు."

"మీరు టైలరా? కత్తెరలూ అవీ..."

"పక్కింట్లో పెట్టేశా. గుడ్డ కత్తిరించాలంటే అక్కడికే వెళ్తున్నా. మేడ తలుపుకి తాళం వేశా. మందుల డబ్బా బీరువాలో. స్నానాల గది గడియ కూడా ఊడబీకేశా."

"ఇవన్నీ మీకెవరు చెప్పారు?"

"ఎవరు చెప్తారు? తెలుసుకున్నాం."

"మీరు చేసినవన్నీ మంచి పనులే. పాపని ఒంటరిగా వదలకండి. తిట్టకండి. చచ్చిపోవాలనిపిస్తోందా అని నేరుగా అడగండి, అడిగితే తప్పులేదు."

"అడిగితే ఔనంటేనో? చెప్పమ్మా. ఔనంటే ఎక్కడికి తీసుకురావాలి?"

"అదే... అదే నాకూ తెలీడం లేదన్నా. ఇదివరకైతే ఆ క్షణంలోనే లోపలికి తీసుకునేవాళ్ళం."

"పోనీ మా వీధిలో చందాలు వేసుకుంటాం. అందరం తలో కొంత. డాక్టరుని పిలిపించండి."

"ఒక నెలకి వేస్తారు. రెండో నెలకి? నేనూ తిరగని ఆఫీసు లేదు. పోయినసారి వెళ్తే కుర్చీ వేశారు, టీ ఇచ్చారు, వచ్చే ఏడు చూద్దామన్నారు."

"వచ్చే ఏడు."

"ఊఁ."

"ఆ పిల్లకి ఈ రాత్రి గడవాలమ్మా."

"తెలుసన్నా. వెయిటింగు లిస్టులో రాస్తా. నెలకి రెండు గురువారాలు నగరం నుంచి డాక్టరమ్మ వీడియోలో చూస్తారు. ఇప్పుడు మిగిలింది అదొక్కటే."

"ఎన్నాళ్ళు పడుతుంది?"

"నాలుగు నెలలు. కొంచెం అటూ ఇటూ."

"అటా, ఇటా?"

"అటే. మీ ఫోన్ నంబరు చెప్పండి. ముందు అది కొడితేగానీ ఈ కంప్యూటరు ముందుకెళ్ళదు."

"ఇదిగో, ఈ చీటీ మీదుంది."

"ఏడు... మూడు... ఆగండాగండి. మీ నంబరు ఇందులో ముందే ఉందే! నాలుగు నెలల కిందటే రాయించారు! ముందే చెప్పొద్దూ? ఇంతసేపూ నన్నూ ఏడిపించారు, మీరూ ఏడ్చారు. వచ్చే గురువారమే మీ వంతు. పదిన్నరకి. అబ్బ, ఇవాళ పొద్దుట్నుంచి ఒక్కరికన్నా మంచి మాట చెప్పగలిగాను! ఏంటన్నా అలా చూస్తారు? వెళ్ళి మీ ఆవిడకి చెప్పండి. గురువారం దాకా జాగ్రత్తగా చూసుకుంటే చాలు. ఇక్కడేదో వయసు పదహారని పడింది. ఎవరో తప్పు కొట్టినట్టున్నారు. పన్నెండని దిద్దేస్తా."

"తప్పు కాదమ్మా. పదహారే. అది మా పెద్దదాని వయసు. నెల పదిరోజులైంది, దానికిక ఏ గురువారమూ అక్కర్లేదు. ఆ పదిన్నర దీనికి రాస్తారా, మళ్ళీ వరస చివర నిలబడాలా?"