పడవవ్వ ఇంటి కూర

ఈ మైకు ఎవరు బిగించారో గానీ, నా ముక్కుకి సరిపోయింది, నోటికి అందట్లేదు. కిందకి వంచితే కిర్రుమని మళ్లీ పైకి లేస్తోంది. సరే, ముక్కుతోనే మాట్లాడతా, సర్దుకోండి.

అయ్యలారా, అమ్మలారా, పని ఆపుకుని వచ్చిన పడవల రిపేరు షెడ్డు తమ్ముళ్లారా. మా వదిన పోయింది. మన క్యాంటీన్‌లో ఇన్నేళ్లు వండి పెట్టిన మనిషి పోయింది. నిండుగా బతికింది, నిద్రలోనే వెళ్లింది. ఇక నన్ను తిట్టడానికి ఎవరున్నారు చెప్పండి? మా ఆవిడ ఉంది, కానీ ఆ తిట్లలో ఆ రుచి రాదు.

పడవవ్వ కథ మీకు తెలిసిందే. మా నాన్న చిన్నతనంలో వరదొస్తే, తిండీ నిద్రా మాని పడవ నడిపి, ఈ పేటవాళ్లని ఒడ్డుకి చేర్చిన తల్లి. ఏటా ఆవిడ పేరు మీద మన షెడ్డులో భోజనం పెడతాం. మొదటి ఏడు ఏం చేశాం? గోడలకి వలలు కట్టాం. తలకి గుడ్డలు చుట్టాం. పడవోళ్లంటే ఘాటుగా తింటారని మా వదిన చేపల్లో కారం గుమ్మరించింది. అందరం కళ్లు తుడుచుకుంటూ ఆహా ఓహో అన్నాం. ముందు వరసలో పడవవ్వ మనవరాలు కూర్చుంది. ఇదిగో, ఈ అక్కే. ఒక్క ముద్ద తిని, మర్యాదగా చెయ్యి కడిగేసుకుంది. ఎవరు చూశారు? నేనైతే చూళ్లేదు, మారు వడ్డించుకుంటున్నా. వదిన చూసింది.

మర్నాడే ఖాళీ గిన్నె పట్టుకుని వాళ్లింటికి వెళ్లింది. తప్పయింది, నేర్పమంది. అప్పుడు ఈ అక్క అన్న మాట వదిన నాకు ఎన్నిసార్లు చెప్పిందో. "పడవోళ్లంతా ఏం తింటారో నాకేం తెలుసమ్మా. మా అమ్మమ్మ ఏం తినేదో చెబుతా, కూర్చో."

అది పలచటి చేపకూర. కారం పేరుకే. గరిటె పెట్టకూడదు, గిన్నె పట్టుకుని ఊపాలి. పడవవ్వ పడవలోనే వండేది కదా, పడవ ఊగుతుంటే కూర తనంతట తనే కలిసేదట. ఒడ్డుకొచ్చాక వాళ్లింట్లో చేత్తో ఊపడం మొదలెట్టారు.

తర్వాతి ఏడు వదిన వలలన్నీ విప్పించింది. షెడ్డు కమిటీ గొణిగితే ఒకటే అడిగింది. "ఆవిణ్ణి తలుచుకుందామా, ఆవిడ వేషం కడదామా?" అప్పట్నుంచి మొదటి ముద్ద ఈ అక్కది, తర్వాతే మనది. ఒక ఏడు అక్కకి జ్వరం. వదిన కూర డబ్బా పట్టుకుని బస్సెక్కి వాళ్లింటికి పోయింది. మేం ఆకలితో బల్లల మీద దరువులు. తిరిగొచ్చి, అక్క ఉప్పు చాల్లేదందని మళ్లీ పొయ్యి వెలిగించింది. ఆ పూట నేను వదినని అనని మాట లేదు. ఆ పూట తిన్నంత కూర మళ్లీ ఎప్పుడూ తినలేదు.

ఇవాళ పడవవ్వ రోజు కూడా. వదిన లేదు కదా, ఇక ఆ కూర ఎవరి వల్లవుతుందని కమిటీ చేతులెత్తేసింది. హోటల్‌కి ఆర్డరిచ్చారు. ఏమని? పడవోళ్ల భోజనం, ఎర్రగా, ఘాటుగా. అంటే మా వదిన నేర్చుకున్నదంతా ఆమెతోనే పోవాలా? పడవవ్వకి మళ్లీ మనం వేషం కట్టాలా?

సెక్రటరీ బాబూ, ఇందాకట్నుంచి గేటు వైపు చూస్తున్నావు. ఆ వ్యాను రాదు నాయనా. నిన్న నీ గొంతు పెట్టి హోటల్‌కి ఫోన్ చేసి, వద్దని చెప్పింది నేనే. నీలాగే మధ్యమధ్యలో దగ్గాను కూడా, పాపం నమ్మేశారు. వెనక వంటగదిలో మా కోడలూ క్యాంటీన్ ఆడవాళ్లూ పొద్దున్నుంచి గిన్నెలు ఊపుతున్నారు. సభకి ముందే అక్క రుచి చూసింది. ఈసారి చెయ్యి కడుక్కోలేదు. ఇంకొంచెం వడ్డించమంది.

నన్ను తిట్టేది తిన్నాక తిట్టు. ఇప్పుడు అందరూ లేవండి. మా వదినని తలుచుకుని, కాసేపు మాటలాపి నిలబడదాం.