గోడకు తగిలిందా, కుండకు తగిలిందా

శ్రావణమాసం మూడో సోమారం, సరిగ్గా మధ్యాన్నం పన్నెండు గంటలకు, గొర్రెల కాపరి గాదిలింగప్ప పొట్టలో పొట్టేలు గుద్దిందంట. ఆయప్ప వంగి దానికి అరచేతిలో ఉప్పు పెడతాండె. బీరప్ప సామికి ఇడిచిన పొట్టేలు గదా, దాన్ని ఎవురూ కొట్టరు, అదిలించరు, ఇంక దానికేం భయం? తల వంచి ఒక్క గుద్దు గుద్దె. ఎల్లకిలా పడి చూస్తే, పైన మబ్బులన్నీ గొర్రెలై మేస్తాండాయంట. కింద గొర్రెలేమో మబ్బుల మాదిరి కదలకుండా నిలబడిండాయి. ఏది పైనో ఏది కిందో తెలీలేదు. నొప్పి కూడా ఎవురిదో అన్నట్టు దూరంగా ఉన్నింది.

ఏమైందంటే, ఇంటికి మోసుకొచ్చి కంబళి మీద పండబెట్టినారు. పెండ్లాము ఈరక్క ఏడుపు. ఆమె నాయన హనుమంతప్ప ఆముదం వెచ్చబెట్టుకోని వచ్చె. మన పక్క పొట్టకు దెబ్బ తగిల్తే బొడ్డు జారిందంటారు గదా, పొద్దు కుంకే లోపల నూనె పోసి పిసికి దాన్ని తావుకు తేకుంటే మనిషి దక్కడని. "అల్లుడా, పండ్లు బిగబట్టుకో" అని ఆయన చేతులు చాపినాడో లేదో, గాదిలింగప్ప మేనత్త మారెవ్వ గడపలోంచి "చెయ్యి తియ్యప్పా" అనె. మెల్లగానే అనింది. మునుపు ఆమె మొగున్ని ఎద్దు పొడిస్తే ఇట్లనే పిసికినారు, ఆ చేతుల కిందనే పాణం పోయింది. ఇంట్లో అందరికీ తెలుసు, ఆ మాట ఎవురూ ఎత్తరంతే. ఈరక్కకేమో రెండు దిక్కులా భయం: పిసికితే ఏమో, పిసక్కపోతే ఏమో.

మారెవ్వ పక్కన కూచోని నొప్పున్న తావున ఏలు పెట్టి, "నాయనా, చేతులు ఊనకుండా తలెత్తి నీ కాలి బొటనేళ్ళు చూడు" అనిందంట. చూసినాడు. "నొప్పి పెరిగిందా, తగ్గిందా?" "పెరిగిందత్తా." "అట్లయితే దెబ్బ పొట్ట గోడకు తగిలింది, లోపల పేగులుండే కుండకు కాకపోవచ్చు. పొట్ట బిగిస్తే గోడ అడ్డమొచ్చి కుండను కాస్తుంది, తన నొప్పి మాత్రం తను అరుస్తుంది." హనుమంతప్ప మూతి తిప్పి, "పొట్టకు గోడ కట్టినావు సరే, వాకిలి ఏ పక్క పెట్టినావమ్మా?" అనె. "నీ నోటికి పెట్టుంటే బాగుండు, మూసుకోనన్నా ఉందువు. అయినా నా ఏలు చెప్పిందే వేదం కాదు, ఆస్పత్రికి పదండి" అనింది.

చల్లటి తడిగుడ్డ పొట్ట మీద ఏసి ఆటోలో తీసుకపోయినారు. ఆడ డాక్టరమ్మ మిషను పెట్టి చూస్తే తెర మీద అంతా మంచే. ఆ మంచులో తన మంద యాడన్నా కనపడుతుందేమోనని గాదిలింగప్ప ఎదుకుతాండె. ఆయమ్మ, లోపల నెత్తురేం లేదు, గోడ కండ నలిగింది, రెండు దినాలు చల్లగుడ్డ ఎయ్యండి, తర్వాత గోరెచ్చని కాపడం, బరువెత్తొద్దు, పిసకొద్దు, దగ్గినా నవ్వినా దుప్పటి మడిచి పొట్టకు అదుముకోవల్ల, పొట్ట గట్టిపడినా, వాంతులైనా, కండ్లు తిరిగినా, ఉచ్చలో నెత్తురు పడినా ఆ నిమిషమే రండి అని పంపె.

తెల్లారి చూస్తే పొట్ట మీద నేరేడుపండు రంగు తేలింది. పొట్ట మెత్తగానే ఉంది. ఈరక్క సామికి దీపం పెట్టి వచ్చి కూచునె. నవ్వొస్తే నొస్తాదని ఎవురూ నోరు తెరవరు. హనుమంతప్ప తుండుగుడ్డ మూతికి అడ్డం పెట్టుకోని మూలన కూచున్నాడు. మాటలకు పేరుబడిన ఇల్లు అది. కాసేపు చూసి చూసి గాదిలింగప్పే దుప్పటి మడిచి పొట్టకు అదుముకోని, "ఊ, చెప్పు మామా" అన్నాడంట.

ఏం చెప్పినాడో నాకు తెలీదు గానీ, ఈరక్క రెండో దుప్పటి కూడా మడిచిచ్చిందంట. నవ్వితే నొయ్యడం కూడా సామి ఇచ్చిందే అనుకోవల్ల. మారెవ్వ మొగునికి అదన్నా దక్కలా.